నవలా పఠనం: గొంతు, కాకువు, యాస

నవలను పైకి చదివి వినిపించేవాడు, మౌనంగా చదువుకొనేవాడికి ఎన్నడూ అవసరం రాని తీర్పు ఒకటి మొదటి సంభాషణలోనే చెప్పవలసి వస్తుంది. పాత్ర నోరు విప్పింది. దాని గొంతు ఎట్లా ఉండాలి? మౌనపాఠకుడు ఈ ప్రశ్నను వాయిదా వేస్తూనే నవల ముగించగలడు. అతని మనసులో మ్రోగే గొంతు సగం మాట, సగం నీడ. పఠితకు ఆ సౌకర్యం లేదు. పాలేరు మాట్లాడితే పల్లెయాస పలికించాలా? జమీందారు మాట్లాడితే గొంతు బరువు చేయాలా? ముసలమ్మకు వణుకు, పడుచుపిల్లకు సన్నగొంతు తగిలించాలా? ఇవి వినికిడికి సొంపు చేకూర్చే అలంకారాలుగా కనబడుతవి గాని, నిజానికి పాత్రలమీద పఠిత చేసే వ్యాఖ్యలు. కవితాపఠనాన్ని గురించి, నాటకంలోని వాచికాభినయాన్ని గురించి తెలుగులో చర్చ సాగినంతగా నవలాపఠనాన్ని గురించి సాగలేదు. నవల కంటికోసం పుట్టిన ప్రక్రియ అనే అభిప్రాయం దీనికి కారణం కావచ్చును.

ఆ అభిప్రాయం ఈనాడు నిలువదు. శ్రవ్యగ్రంథాలు చేతిఫోనులోనికి వచ్చినవి. వంటచేస్తూ, ప్రయాణం చేస్తూ నవల వినేవారు పెరిగినారు. అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. తెలుగు మాట తెలిసి, తెలుగు అక్షరం తెలియని తరం తెలుగుదేశపు సరిహద్దులకు వెలుపల విస్తారంగా పెరిగింది. రాయపూరును ఉదాహరణగా తీసికొనవచ్చును. విజయనగరంనుండి రాయపూరుకు రైలుమార్గం 1931లో పూర్తి అయినది. ఉత్తరాంధ్రజిల్లాల కుటుంబాలెన్నో బ్రతుకుతెరువు వెదుక్కొంటూ ఆ దారిని పోయినవే. ఆ నగరం 2000 నవంబరు 1వ తేదీన ఛత్తీస్‌గఢ్‌కు రాజధాని అయినది. అక్కడి దేవేంద్రనగర్ వంటి పేటలో ఒక తెలుగు యింటిని ఊహించుకొంటే ఈ సమస్య రూపుకట్టి నిలుస్తుంది. మామ్మ మాట శ్రీకాకుళపు మాట. మనుమరాలు బడిలో హిందీ చదువుతుంది, వీధిలో ఛత్తీస్‌గఢీ వింటుంది, ఇంట్లో మామ్మతో తెలుగు మాట్లాడుతుంది. తెలుగు పుస్తకం ఆమె చేతికిస్తే అది బొమ్మలు లేని కాగితం. తెలుగు నవల ఆమెకు చెవిద్వారా చేరాలి, లేదా చేరనే చేరదు. అట్టి శ్రోతకు పఠిత యిచ్చే గొంతే పాత్ర. సరిచూచుకొనడానికి ఆమె చేతిలో వేరే ప్రతి లేదు.

పూర్వుల ఆలోచనలో ఈ విచారణకు పనికివచ్చే మాట ఒకటి ఉన్నది: కాకువు. భరతుడు దానిని సాకాంక్షమనీ నిరాకాంక్షమనీ విభజించినాడు. వాక్యం ముగిసినా అర్థం ఇంకా దేనికోసమో చేయిచాచి ఉన్నదా, లేక తనలో తాను నిండినదా అన్నది గొంతు చెప్పాలి. రుద్రటుడు కాకువును వక్రోక్తిలో చేర్చి అలంకారమన్నాడు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో దానిని అంగీకరించలేదు. అభిప్రాయంతో కూడిన పఠనధర్మమే కాకువు, అది అలంకారమెట్లా అవుతుందని ఆయన ఆక్షేపం. పదవ శతాబ్దపు ఈ వివాదం నేటి నవలాపఠితకు అక్షరాలా వర్తిస్తుంది. ఒక యింటి కోడలు మామగారితో “మీరే పెద్దవారు” అన్నదనుకొందాము. అది వినయం కావచ్చును, నిష్ఠూరం కావచ్చును, ఇక మాట్లాడేది లేదని తలుపు మూయడం కావచ్చును. అచ్చులో మూడింటికీ అవే అక్షరాలు. ముందు వెనుకల కథ తెలిసిన పఠిత ఆ మూడింటిలో ఒకదానిని గొంతులో పెట్టాలి. ఇందుకు కోడలి గొంతును అనుకరించవలసిన పని లేదు. ఆమె ఉద్దేశాన్ని అందుకొంటే చాలును.

రాజశేఖరుడే మరొక చిత్రమైన పని చేసినాడు. ఏయే దేశంవారు కావ్యాన్ని ఏ తీరున చదువుతారో వరుసగా చెప్పి, కొందరిని మెచ్చి, కొందరిని వెక్కిరించినాడు. ద్రావిడులు గద్యమైనా పద్యమైనా పాడినట్లే చదువుతారని ఆయన పరిహాసం. కాశ్మీరుల పఠనం ఆయన చెవికి చేదు. త్రిపురి కలచురుల ఆస్థానంతో సంబంధమున్న కవి గదా. ఆ కలచురుల శాఖయే తరువాత రతనపూరునుండి నేటి ఛత్తీస్‌గఢ్ నేలను ఏలినది. యాసను చూచి నవ్వే అలవాటు సినిమాతో పుట్టినది కాదని చెప్పడానికి ఈ ప్రస్తావన. అంత సూక్ష్మంగా కాకువును నిర్వచించిన లాక్షణికుడు కూడా పరదేశపు ఉచ్చారణ వినబడగానే నవ్వు ఆపుకొనలేకపోయినాడు.

పాత్రకొక భాష అన్న సంప్రదాయమూ పాతదే. సంస్కృతనాటకంలో రాజు సంస్కృతం మాట్లాడుతాడు, రాణి ప్రాకృతం మాట్లాడుతుంది, ఆపై అంతస్తునుబట్టి ప్రాకృతాలు మారుతవి. మృచ్ఛకటికంలో శకారుడు సకారాలన్నింటిని శకారాలుగా పలుకుతాడు. అతని దర్పమూ మౌఢ్యమూ ఆ అక్షరంలోనే ఉన్నవి. అయితే అక్కడ ఉచ్చారణదోషాన్ని వ్రాసి పెట్టినవాడు కవి. నటుడు దానిని కల్పించలేదు. గురజాడవారి కన్యాశుల్కం ఈ విషయంలో ఆధునికులకు గురుపీఠం. 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడి, 1909లో విస్తృతమైన రెండవ రూపం పొందిన ఆ నాటకంలో గిరీశం మాటకు, రామప్పపంతులు మాటకు, మధురవాణి మాటకు మధ్య ఉన్న తేడా గొంతులోది కాదు. ఎవరు ఏ మాట ఎన్నుకొంటారు, ఎక్కడ తప్పించుకొంటారు, ఎక్కడ ఇంగ్లీషులోనికి దూకుతారు అన్నదానిలో ఉన్నది. ఒకే మనిషి ఒకే గొంతుతో దానిని చదివినా, చదువు తెలిసినవాడైతే, ఎవరి మాట ఏదో పోల్చుకొనవచ్చును.

హరికథకుడు ఒక్కడే అన్ని పాత్రలూ తానై నిలుస్తాడు గదా, నవలాపఠితకు ఆ స్వేచ్ఛ ఎందుకు లేదు అని ప్రశ్న రావచ్చును. ఆదిభట్ల నారాయణదాసుగారి వంటివారి చేతిలో చిరుతలు ఉన్నవి, కాలికి గజ్జెలు ఉన్నవి, రాగమూ తాళమూ ఉన్నవి, ఎదుట సభ ఉన్నది. పాత్ర మారినప్పుడు కాలు ఒక అడుగు ప్రక్కకు పడుతుంది, మెడ తిరుగుతుంది. తోలుబొమ్మలవాడికి తెరమీద బొమ్మ ఉన్నది. జుట్టుపోలిగాడి గొంతు ఎంత వికృతంగా పలికినా చూపు బొమ్మమీద ఉంటుంది. డికెన్సు తన నవలలను తానే చదివి వినిపించిన సభలు కూడ ఈ కోవకే చెందుతవి. 1858నుండి వృత్తిగా సాగించిన ఆ పఠనాలకు ఆయన పుస్తకాన్ని వేరుగా కుదించి సిద్ధపరచుకొన్నాడు. 1869లో ఆలివర్ ట్విస్టులోని నాన్సీహత్యను చదివినప్పుడు అది పఠనమో అభినయమో చెప్పలేని స్థితి. అది ముఖమూ చేతులూ సాయపడిన కళ. శ్రవ్యగ్రంథంలో ముఖం లేదు. తెరమీద సొగసుగా కనిపించే అతి, తెర తీసివేస్తే వెకిలి అవుతుంది. అంధులకొరకు 1930లలో ఇంగ్లండు, అమెరికాలలో ఆరంభమైన శ్రవ్యగ్రంథాల సంప్రదాయం మొదటినుండి నిగ్రహంవైపే మొగ్గింది. శ్రోతకూ పుస్తకానికీ మధ్య పఠిత అడ్డు నిలువరాదన్నది అక్కడి మర్యాద.

అయినా పూర్తి ఏకస్వరం పరిష్కారం కాదు. తెలుగు వాక్యనిర్మాణమే దానికి అడ్డు. తెలుగులో మాట ముందు వస్తుంది, “అన్నాడు” తరువాత వస్తుంది. నాలుగు పంక్తుల మాట ముగిసి “అని సుబ్బయ్య అన్నాడు” అని వినేవరకు అది సుబ్బయ్య మాటయని శ్రోతకు తెలియదు. కన్ను పుట మొత్తాన్ని ఒక్కసారి తడుముతుంది, అన్నవాడిని ముందే కనిపెడుతుంది. చెవి అట్లా ముందుకు పరుగెత్తలేదు. ఇద్దరు మాట్లాడుకొనేటప్పుడు “అన్నాడు” అన్న మాటయే వ్రాయకుండా పదేసి సంభాషణలు పరచే రచయితలున్నారు. అక్కడ శ్రోత మూడవ మాటకే దారి తప్పుతాడు. కనుక భేదం చూపవలసినదే. కాని దానికి గొంతుమార్పిడి ఒక్కటే సాధనం కాదు. ఒకని మాటకు కొంచెం వేగం, మరొకని మాటకు ముందు ఒక విరామం, ఒకరిని దగ్గరగా, ఒకరిని దూరంగా పలకడం — ఈ కొద్దిపాటి గుర్తులు చాలును. మిగిలిన పని భాషయే చేస్తుంది. “ఏమండీ” అన్నది ఎవరో, “ఒరేయ్” అన్నది ఎవరో, “ఏమే” అన్నది ఎవరో తెలుగుశ్రోతకు వేరుగా చెప్పనక్కరలేదు. క్రియాంతంలోని “రు”, “వు” మాత్రమే చాలు, ఇద్దరిలో ఎవరు పెద్దో చెప్పడానికి. ఇంత సంపద చేతిలో ఉండగా పఠిత కంఠాన్ని పిండుకొనడం దుబారా.

విజయవాడ ఆకాశవాణి కేంద్రంనుండి ఉషశ్రీగారు రామాయణభారతాలు చెప్పినప్పుడు విన్నవారికి ఈ మాట సులువుగా బోధపడుతుంది. రాముడికొక గొంతు, రావణుడికొక గొంతు ఆయన పెట్టలేదు. గంభీరమైన ఆ ఒక్క గొంతులోనే ఊనిక మారేది, వడి మారేది. శ్రోత మాత్రం ఎవరు మాట్లాడుతున్నారో పొరబడలేదు.

పురుషపఠిత స్త్రీపాత్రకు సన్నగొంతు పెట్టడాన్ని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బుచ్చిబాబుగారి చివరకు మిగిలేదిలో అమృతం, కోమలి, ఇందిర ముగ్గురూ దయానిధి జీవితంలోనికి మూడు దారులనుండి వస్తారు. ముగ్గురికీ ఒకే కీచుగొంతు తగిలిస్తే ముగ్గురూ ఒకరే అవుతారు. అమృతం మాటలో ఉన్న నిదానం, కోమలి మాటలో ఉన్న అదుపులేనితనం వాక్యంలోనే ఉన్నవి. స్త్రీ పఠిత దయానిధిని చదివినప్పుడూ ఇంతే.

ఇక చిక్కు అంతా యాసలో ఉన్నది. యాస అన్న మాటనే కాస్త నిలదీయాలి. ఎవడూ తన మాటకు యాస ఉన్నదనుకొనడు. అది ఎల్లప్పుడూ ఎదుటివాడిదే. కృష్ణా గుంటూరు మండలాల శిష్టుల మాటకు దగ్గరగా ఉన్నది పత్రికాభాష అయినది, రేడియోభాష అయినది, పాఠ్యపుస్తకం అయినది. తక్కినవి యాసలయినవి. సినిమా దీనిని మరొక మెట్టు దించింది. దశాబ్దాలపాటు నాయకుడు ఏ ఊరివాడైనా ఒకే మాట మాట్లాడినాడు. తెలంగాణ మాట విదూషకునికి, ప్రతినాయకుని అనుచరులకు, రాయలసీమ మాట కత్తిపట్టినవాడికి, శ్రీకాకుళపు మాట పనిమనిషికి, రిక్షావాడికి పంచిపెట్టబడినవి. ఇటీవల కొంత మార్పు వచ్చిన మాట నిజమే. 2017లోని ఫిదా చిత్రంలో నాయిక, 2023లోని బలగం చిత్రంలో ఊరు ఊరంతా తెలంగాణ మాట మాట్లాడినా ప్రేక్షకులు వారితో కలిసి ఏడ్చినారు. కాని చెవిలో పాతుకొన్న అలవాటు అంత త్వరగా పోదు. నవలాపఠిత పాలేరు మాటకు యాస ఎక్కించినప్పుడు అతనికి తెలియకుండానే ఆ సినిమా గొంతే వచ్చి కూర్చుంటుంది.

ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి 1922లో వెలువడి, కొంతకాలం నిషేధానికి గురియైనది. అందులోని రామదాసు మాలవాడలోని పెద్ద, రైతు, వేదాంతి. కొడుకు సంగదాసును భూస్వామి చౌదరయ్య కొట్టిన దెబ్బకు పోగొట్టుకొని కూడ తాత్త్వికదృష్టితో తాళుకొనగల మనిషి. ఇతని మాటకు పఠిత ఏ గొంతు యివ్వాలి? కులాన్నిబట్టి ఇవ్వదలచినవాడు నేరుగా ఉన్నవవారితోనే తగవు పెట్టుకొంటాడు. ఒక మాలవాని నోట పరతత్త్వవిచారం సహజంగా పలుకుతుందని చూపడమే ఆ నవల తలపెట్టిన సాహసాలలో ఒకటి. రామదాసు వాక్యాలకు పల్లెసాగదీత తగిలిస్తే శ్రోతకు అది వేషంవలె వినిపిస్తుంది; మాటకూ మనిషికీ పొత్తు లేదనిపిస్తుంది. పఠనం అప్పుడు నవలను తలక్రిందులు చేసినట్లే. పోనీ, యాస తీసివేసి పండితుని గొంతు పెడదామన్నా అదీ తప్పే. రామదాసు పండితుడు కాడు, తత్త్వాలు పాడుకొన్న భక్తుడు. అతని గాంభీర్యం చదువునుండి వచ్చినది కాదు, నేలనుండి వచ్చినది. ఇట్టి పాత్రవద్ద పఠిత చేయగలిగిన పని ఒక్కటే. తొందరపడకుండా, రచయిత వ్రాసిన ఉచ్చారణకు ఒక్క అచ్చైనా కలపకుండా, తీసివేయకుండా ఆ వాక్యాలను వాటి ఊపిరికి వదలిపెట్టాలి.

“రచయిత వ్రాసిన ఉచ్చారణ” అన్నమాట సూత్రంవలె వినబడవచ్చును గాని అది అనుభవసిద్ధమైనది. తెలుగులిపి పలికినట్లు వ్రాసే లిపి. యాసలోని ధ్వనిభేదంలో చాలభాగం అక్షరంలోనికి దిగుతుంది. తెలంగాణ మాటలో “వస్తున్నాడు” అన్నది “వస్తున్నడు” అవుతుంది. దీర్ఘం పోయినట్లు అచ్చే చెబుతుంది. ఉత్తరాంధ్రలో “ఏమిటి” “ఏటి” అవుతుంది, “చూడు” “సూడు” అవుతుంది, త్వరగా అనడానికి “బేగి” వస్తుంది. చిత్తూరు కడప ప్రాంతాల “యాడికి”, “అబ్బీ” అన్నవీ అంతే. ఇంగ్లీషు నవలాపఠితకు ఈ సౌలభ్యం తక్కువ. అక్కడ వర్ణక్రమం పలుకుబడిని సరిగా పట్టదు, పఠితయే ఊహించుకొనాలి. తెలుగుపఠిత ఊహించవలసినది స్వరం ఒక్కటే, అంటే వాక్యం ఎక్కడ పైకి లేచి ఎక్కడ దిగుతుందన్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సారథ్యాన 1962లో వెలువడిన వ్యవసాయవృత్తుల మాండలిక పదకోశం మాటలను ఊరూరా ఏరి చూపింది. కాని ఏ పదకోశమూ స్వరాన్ని చూపలేదు. దానిని ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన చెవి మాత్రమే ఎరుగును. ఎరుగనివాడు అనుకరించబోతే వచ్చేది ఆ స్వరం కాదు, దానిమీద తనకున్న అభిప్రాయం.

దాశరథి రంగాచార్యులుగారి చిల్లర దేవుళ్లు ఈ సందర్భాన మంచి గీటురాయి. నిజాంకాలపు తెలంగాణ పల్లెకు ఆంధ్రప్రాంతంనుండి సంగీతజ్ఞుడు సారంగపాణి వస్తాడు. దొర గడీ, అక్కడి ఆడబాప, వెట్టి, అన్నీ అతడు చూస్తాడు. రెండు తెలుగులు ఒకే పుటలో ఎదురుబొదురుగా నిలుస్తవి. అలవాటుచొప్పున చదివే పఠిత సారంగపాణిని “మామూలు” గొంతుతోను, ఊరివారిని యాసతోను చదువుతాడు. కాని ఆ ఊరి నేలమీద యాస ఎవరిది? ఊరంతా ఒక తీరున మాట్లాడుతుండగా భిన్నంగా మాట్లాడుతున్నవాడు సారంగపాణి ఒక్కడే. నవల ఆ పల్లెది. పల్లెమాటనే సహజస్వరంగా నిలిపి, వచ్చినవాని మాటను కొంచెం కొత్తగా, కొంచెం పుస్తకంవాసనతో వినిపించిన పఠిత నవలను లోపలినుండి చదివినవాడు. అంతేకాదు, అందులో దొరకూ వెట్టివానికీ ప్రాంతం ఒకటే. వారి మధ్య ఉన్నది యాసభేదం కాదు, అధికారభేదం. దానిని కాకువు చెప్పాలి: ఒకడు జవాబుకోసం ఆగడు, మరొకడు మాట మొదలుపెట్టబోయి ఆగుతాడు.

దేవేంద్రనగర్ ఇంటికి మళ్ళీ పోతే ఈ వాదం ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. మామ్మ వినేందుకు రావిశాస్త్రిగారి రచన ఒకటి ఎవరో చదువుతున్నారనుకొందాము. ఆరు సారా కథలు నవల కాకపోయినా, కోర్టు మెట్లదగ్గర, సారాదుకాణంలో తిరిగే మనుషుల మాట అందులో ఉన్నట్లు మరెక్కడా లేదు. ఆ మాట మామ్మకు పరాయిది కాదు. తాను రోజూ మాట్లాడేది. నగరపు పఠిత ఆ మనుషులను సినిమాపనిమనిషి గొంతుతో చదివితే మనుమరాలు పకపక నవ్వుతుంది. ఆ నవ్వు పాత్రమీదికి పోతుందా, మామ్మమీదికి పోతుందా? పిల్ల అంత ఆలోచించదు. మామ్మ ఆలోచిస్తుంది. మరునాడు హిందీలో పిలిచినా పిలుస్తుంది. ఇతరరాష్ట్రాలలోని తెలుగు యిండ్లలో భాష ఒక తరంనుండి మరొక తరానికి జారిపోయే కారణాలలో బడి ఒకటైతే, ఈ సిగ్గు మరొకటి. రావిశాస్త్రిగారు ఆ మాటను నవ్వులకొరకు వ్రాయలేదు. నవ్వు ఉన్నచోట అది వకీళ్ళమీద, పోలీసులమీద, దొరతనంమీద తిరిగే నవ్వు. మాట ఆ మనుషులదే, తెలివి కూడ ఆ మనుషులదే. దానిని మామూలు గొంతుతో, మామ్మ కూరగాయలవానితో బేరమాడేటంత సహజంగా చదివినప్పుడే ఆ వెటకారం తగలవలసినవారికి తగులుతుంది.

ఆయనదే అల్పజీవి వేరొక జాగ్రత్త కోరుతుంది. సుబ్బయ్య పిరికివాడు. కాని పిరికితనాన్ని గొంతులో పెట్టి నంగినంగిగా చదివితే నవల నాలుగు పుటలకే విసుగు. అతని భయం ఆలోచనల చుట్టుతిరుగుడులో ఉన్నది: ఒక ఊహ మరొక ఊహను తరుముతుంది, మొదటిదానికే తిరిగి వస్తుంది. పఠిత ఆ వేగాన్ని పట్టుకొంటే చాలు, సుబ్బయ్యను జాలిపడవలసిన పని శ్రోతకు వదలవచ్చును.

ఉత్తమపురుషలో సాగే నవలలో గొంతు సమస్య మరీ సున్నితం. మొక్కపాటివారి బారిష్టర్ పార్వతీశంలో మొగలితుర్రు కుర్రవాడు తన సీమప్రయాణం తానే చెబుతాడు. అతనికి తాను హాస్యపాత్రనని తెలియదు. అతడు ప్రతి పొరపాటునూ పెద్దమనిషితరహాలో, వివరంగా, సమర్థించుకొంటూ చెప్పుకొంటాడు. పఠిత గొంతులో ముందే నవ్వు పలికిందా, పార్వతీశం పోయి పార్వతీశాన్ని ఎగతాళి చేసే మరొకడు కూర్చుంటాడు. నామిని సుబ్రహ్మణ్యంనాయుడుగారి మిట్టూరోడి కతలు వంటివాటిలో కథనమంతా చిత్తూరు మాటయే. అక్కడ కథకుని గొంతు, పాత్రల గొంతు అన్న విభజనకే తావులేదు. “శుద్ధమైన” కథనస్వరంతో మొదలుపెట్టి సంభాషణలో మాత్రం యాస ఎక్కించే అలవాటున్న పఠిత అక్కడ మొదటి వాక్యంలోనే పట్టుబడతాడు.

వేయిపడగలు మరొక విధమైన గ్రంథం. విశ్వనాథవారు చెబుతుండగా తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాసినారన్నది లోకవిదితం. 1934లో ఆంధ్రవిశ్వవిద్యాలయం పోటీలో ఇది అడివి బాపిరాజుగారి నారాయణరావుతో బహుమానం పంచుకొన్నది. నోటినుండి పుట్టిన నవల కనుక అందులో వాక్యం ఊపిరి కొలతకు సరిపోతుంది; పైకి చదివితే చిక్కని చోటులు తేలికపడుతవి. అచ్చట రచయిత గొంతే అన్ని పాత్రలమీదా పరచుకొని ఉన్నది. ధర్మారావుకూ గిరికకూ వేరువేరు గొంతులు వెదకి తెచ్చేవాడు ఆ నవలలో లేనిదానిని వెదకుతున్నాడు.

అనువాదనవలలవద్ద ఇదే ప్రశ్న మరొక రూపంతో ఎదురవుతుంది. చక్రపాణిగారు తెలుగుచేసిన శరత్తు నవలలలో వంగదేశపు పల్లెజనం చక్కని తెలుగు మాట్లాడుతారు. వారికి బెంగాలీ పలుకు తగిలించాలని ఎవరికీ తోచదు. కాని గోపీనాథ మహాంతిగారి అమృతసంతానం వచ్చేసరికి చేయి తడబడుతుంది. 1955లో ఒరియాకు సాహిత్య అకాడెమీ బహుమానం తెచ్చిన ఆ నవల కోరాపుట్టు కొండలలోని కోదుల జీవితం. పురిపండా అప్పలస్వామిగారు దానిని తెలుగుచేసినారు. విజయనగరంనుండి రాయపూరు పోయే రైలు రాయగడమీదుగా ఆ కొండల ప్రక్కనుండే పోతుంది. అట్టి పాత్రల మాటను పైకి చదివేటప్పుడు విరిచి విరిచి, విభక్తులు మింగి, “అడవిమనిషి” పలుకుగా వినిపించాలనే ప్రలోభం కలుగుతుంది. సంతలో మైదానపువ్యాపారితో వచ్చీరాని ఒరియాలోనో తెలుగులోనో మాట్లాడే కోదు వేరు. తన గుడిసెలో భార్యతో తన భాషలో మాట్లాడే కోదు వేరు. తన భాషలో అతని వాక్యానికి ఏ లోపమూ లేదు. మూలకర్త అతనికి పూర్ణమైన వాక్యాలు, ఆ వాక్యాలలో కవిత్వం ఇచ్చినాడు. అనువాదకుడు వాటిని తెలుగులో పూర్ణంగా ఉంచినాడు. పఠిత వాటిని విరిస్తే, సంతలోని వ్యాపారి చెవితో ఆ నవలను విన్నట్లు. అనువాదకుడు నెలలతరబడి నిలిపిన గౌరవాన్ని ఒక పూట పఠనం కూల్చగలదు.

ఇంతకూ ఏ నవలను ఎవరు చదవాలి? ఆ ప్రాంతపు నవలను ఆ ప్రాంతంవారే చదవాలని కొందరంటారు. ధ్వనిముద్రణసంస్థలకు ఇది ఆచరణీయమైన సలహాయే. తెలంగాణ నవలకు తెలంగాణ గొంతు, సీమ నవలకు సీమ గొంతు దొరకడం నేడు కష్టం కాదు. కాని ఇంటిలో చదివేవారికి ఆ ఎంపిక లేదు. రాయపూరులో శ్రీకాకుళపు మామ్మ చిల్లర దేవుళ్లు చదివితే అది శ్రీకాకుళపు తెలంగాణ అవుతుంది. అందులో దోషమేమీ లేదు. ఆమె ఎవరినీ అనుకరించడం లేదు, అచ్చులో ఉన్నదానిని తన నోటితో పలుకుతున్నది. నిజాయతీ అయిన పరాయి ఉచ్చారణకూ, అనుకరణకూ మధ్య తేడాను శ్రోత చెవి క్షణంలో పట్టుకొంటుంది.

అట్టి పఠనంలో ఒక చమత్కారం కూడ ఉన్నది. తెలంగాణ మాటలోని దవాఖానా, హుకుం, జుల్మానా, జబర్దస్తీ వంటి పదాలవద్ద మామ్మ నాలుక తడబడుతుంది, ఖకారం కకారమవుతుంది. తెలుగు అక్షరం రాని మనుమరాలికి మాత్రం ఆ మాటలు చిన్ననాటినుండి తెలిసినవే. తెలుగు నవలలోని ఆ పదాన్ని ఎట్లా పలకాలో మామ్మకు చెప్పేది ఆ పిల్లయే.